ఆముదంలో నానిన మంచు బూట్లు

గండికోట ఎలా ఉందని అడిగిన ప్రతివాడికీ నేను బూట్ల సంగతి మొదలుపెడుతున్నానని మా ఆవిడ కోప్పడుతోంది. నిజమే, ఇంట్లోంచి బయల్దేరింది గండికోట చూడడానికే. మాది తెనాలి. ప్రెస్సులో ప్రూఫులు దిద్దే ఉద్యోగం. ఏడాదికోసారైనా ఎటో ఒకవైపు పోయి రాకపోతే అక్షరాలు కళ్ళ ముందు చీమల్లా పాకడం మొదలుపెడతాయి. ఈసారి కడప జిల్లా అనుకోవడానికి కారణం మా తమ్ముడు. వాడు సైన్యంలో చేరి కాశ్మీరు వైపు మంచు కొండల్లో ఉంటున్నాడు. వాడి జతగాడు మస్తాన్‌ది ప్రొద్దుటూరు. మస్తాన్ సెలవు మీద ఇంటికి వస్తున్నాడు, దగ్గరుండి అంతా తిప్పి చూపిస్తాడు, వెళ్ళి రా అన్నయ్యా అని తమ్ముడు రాశాడు. వెళ్ళాను. మస్తాన్ తిప్పాడు కూడా. ఎందుకు తిప్పాడో చెబితే గండికోట సంగతి మీరూ మరిచిపోతారు.

ఎర్రగుంట్ల

రైలు దిగేసరికి ఎండ నెత్తి మీద కూర్చుని ఉంది. మా వైపు ఎండకు చెమట పడుతుంది, మనిషి కాస్త తడుస్తాడు. ఇక్కడి ఎండకు ఆ దయ కూడా లేదు. ప్లాట్‌ఫారం మీద పొట్టిగా, గట్టిగా ఉన్న కుర్రవాడొకడు నవ్వుతూ వచ్చి నా సంచీ లాక్కున్నాడు. తమ్ముడు రాసిన ఆనవాళ్ళన్నీ సరిపోయాయి గాని, సైన్యంలో పనిచేసే మనిషి ఉత్తికాళ్ళతో రావడమేమిటో అర్థం కాలేదు. అడిగితే, ఇంటికి వస్తే కాళ్ళకు కూడా సెలవేనన్నాడు. అప్పుడే వాడి పాదాలు చూశాను. ముందు వైపు చాటలా విచ్చుకుని, వెనక మడమ దగ్గర ఆడపిల్ల పాదంలా సన్నగా ఉన్నాయి. ఊహ తెలిసినప్పటి నుంచి రాళ్ళలో చెప్పుల్లేకుండా తిరిగిన కాళ్ళు అలాగే ఉంటాయట.

స్టేషను బయట ఉగ్గాని తిన్నాం. మరమరాలను నీళ్ళలో తడిపి పిండేసి, పసుపు, మిరపకాయలు వేసి తాలింపు పెడతారు. పక్కన మిరపకాయ బజ్జీ. తడిసిన మరమరాలు తినడమేమిటని ముఖం చిట్లించిన నేనే రెండోసారి పెట్టించుకున్నాను. ఇద్దరికీ కలిపి పావలా కాలేదు. తెనాలిలో పావలా పెడితే కాఫీ కప్పులు రెండు కనిపించి మాయమవుతాయి.

ప్రొద్దుటూరు బస్సులో మస్తాన్ తన గోడు చెప్పుకున్నాడు. వాడు సైన్యంలో చేరింది లంగరులో, అంటే వంటశాలలో. పొద్దున లేచి ఉల్లిగడ్డలు తరగడం, గుండిగలు తోమడం. కొండ మీదికి బరువులెత్తుకుని అందరికంటే ముందు ఎక్కుతాడని ఎవరో ఆఫీసరు గమనించి, మంచు మీద జారే జట్టులో వేశాడు. కాళ్ళకు రెండు పొడుగాటి చెక్క పలకలు బిగించుకుని మంచు కొండ పై నుంచి కిందికి జారిపోతారట. దానికి వేరే బూట్లుంటాయి. వాటి అడుగు పలకకు తీగతో బిగుసుకుంటుంది. అదంతా నాకు పట్టలేదని గ్రహించి, బస్సులోనే లేచి నిలబడి మడమ అటూ ఇటూ తిప్పి చూపించాడు.

"కాలు తిప్పితే పలక తిరగాల అన్నా. బూటు లోపల కాలొక్కటే తిరిగి పలక అట్లే ఉండిపోతే, ఇంగ మనిషి కింద, పలక మింద."

పోయిన చలికాలం పరీక్షలో వాడికి జరిగింది అదే. స్టోరులో వాడి పాదం వెడల్పుకు సరిపోయే జత దొరక్క, రెండు సైజులు పెద్దవి ఇచ్చారు. వెడల్పు సరిపోయింది గాని లోపల మడమ ఎగిరెగిరి పడింది. పడ్డవాడు పడ్డట్టే కొండ దిగాడు. దక్షిణాది వాళ్ళకు గరిటే మేలని హవల్దారు నలుగురిలో నవ్వాడట. జట్టులో వేసిన ఆఫీసరు మాత్రం బదిలీ మీద పోతూ తన సొంత బూట్లు వీడికిచ్చి పోయాడు. చెక్కలాంటి గట్టి తోలు, మడమను చేత్తో పట్టుకున్నట్టు పట్టుకుంటాయట. కాకపోతే ముందు వైపు పిండేస్తున్నాయి. సెలవు అయి తిరిగి వెళ్ళాక, మంచు పడగానే మళ్ళీ పరీక్ష. ఈసారి కూడా పడితే తిరిగి లంగరుకే.

"ఉల్లిగడ్డలు తరగనీకి నేను అంత దూరం పోవాల్నా అన్నా? ఈడ తరిగేది ల్యాకనా?" అని వాడు నవ్వబోయాడు గాని నవ్వు రాలేదు.

ప్రొద్దుటూరు

పెన్నా వంతెన దాటి ఊళ్ళోకి వస్తే ఎటు చూసినా బంగారు అంగళ్ళే. బెజవాడలో కూడా ఇన్ని చూడలేదు. మట్టి కాళ్ళతోనే రైతు దంపతులు లోపల తెల్ల పరుపు మీద కూర్చుని గొలుసులు చూడడం. బేరం మాత్రం గంటల తరబడి, ఇంటి విషయాలన్నీ మాట్లాడుకుంటూ. ఆ అంగళ్ళలో పరుపులు చాలావరకు మస్తాన్ వాళ్ళమ్మ కుట్టినవే. వాళ్ళది దూదేకుల కుటుంబం. తండ్రి లేడు. తల్లి ఖాసింబీ దూది ఏకి, పరుపులూ దిండ్లూ కుట్టి కొడుకును పెంచింది.

నేను గడప దాటగానే ఆమె కాళ్ళకు నీళ్ళిచ్చి, కొడుకు వైపు తిరిగి, నీకొకటి చూపించాలని లోపలికి పోయింది. మస్తాన్ మూడు రోజులుగా అక్క ఊళ్ళో ఉండి, అటునుంచి అటే స్టేషనుకు వచ్చాడు. ఆ మూడు రోజుల్లో జరిగింది ఆమె చేతుల్లోంచి కారుతూ వచ్చింది. ఆఫీసరు బూట్లు. ఆముదం కుండలోంచి తీసి, గుడ్డతో అద్దుతూ తెచ్చింది.

"కొరుకుతాండాయి అన్యావు గదరా. మూడు దినాలు నానబెట్టినా. పట్టుకోని చూడు, ఎట్లుండాయో. పసిబిడ్డ చెవులట్ల అయినాయి."

ఈ సీమలో కొత్త చెప్పులు కొంటే ముందుగా చేసే పని అదే. ఆముదం తాగించి, తోలు మెత్తబడ్డాక గాని కాలు పెట్టరు. మేలు కోరేవాళ్ళెవరైనా అలాగే చేస్తారు. అందుకే నాకు మొదట ఏమీ తోచలేదు. మస్తాన్ ముఖం చూశాక బస్సులో చెప్పిందంతా గుర్తొచ్చింది. వాడు బూటు చేతిలోకి తీసుకున్నాడు. చీలమండ దగ్గర తోలు గోనెసంచీలా వంగిపోయింది.

"బాగుండాయమ్మా, శానా బాగుండాయి" అన్నాడు.

జొన్నరొట్టె, చెనిక్కాయల పొడి, అంటే మా వేరుశెనగ పొడి, వంకాయ కూర పెట్టింది. ఆ తల్లి రొట్టె చేతుల మీదే తట్టి వేస్తుంటే నేను నాలుగు తిన్నాను. మస్తాన్ తిన్నది ఒక్కటి. భోజనం అయ్యాక వీధి చివరికి వెళ్ళి బూట్లు తొడుక్కుని నడిచి చూశాడు. ముందు వైపు ఇప్పుడు నొప్పి లేదు. వెనక మాత్రం మడమ లోపల చేపలా కదులుతోంది. అమ్మతో చెప్పేయరాదా, ఆమెకేమైనా ఉపాయం తెలుసేమో అన్నాను. చెప్తే ఇంక ఆమె అన్నం ముట్టదన్నాడు. నాకు ఒళ్ళు మండింది. అబద్ధం మీద బూట్లు గట్టిపడతాయా అని కసిరాను కూడా. వాడు బూట్లు విప్పి చంకన పెట్టుకున్నాడు.

సాయంత్రం చెప్పుల అంగడికి పోయాం. షావుకారు బూట్లను అటూ ఇటూ నొక్కి, వీటిని పారేసి రెండు సైజులు పెద్దవి కొనుక్కొమ్మన్నాడు. ఏది కొన్నా పెద్దదే కొనాలట. ఈ ఊళ్ళో చొక్కాలూ అలాగే కుట్టిస్తారు, మనిషి పెరిగినా గుడ్డ నిలబడాలని. వచ్చినందుకు నాకు ఒక జత కిర్రు చెప్పులు అంటగట్టాడు. అడుగు తీసి అడుగు వేస్తే కిర్రు కిర్రుమని పెళ్ళి సన్నాయిలా మోగుతాయి. వదులుగా ఉన్నాయయ్యా అంటే, ఎండకు కాళ్ళు ఉబ్బి సరిపోతాయన్నాడు. నేను ప్రూఫులు తప్ప మరేదీ సరిగ్గా చూడలేనని మా ఆవిడ ఊరికే అనదు.

జమ్మలమడుగు

మర్నాడు, బాగుచేసేవాడు ఎక్కడైనా దొరుకుతాడేమోనని మస్తాన్ బూట్లు కూడా సంచీలో వేసుకున్నాడు. జమ్మలమడుగు చేరి, అక్కణ్ణించి గండికోట వైపు పోయే బండి మాట్లాడుకున్నాం. ఎద్దుల్లో ఒకటి కుంటుతుండడంతో కోట ఇంకా దూరంగా ఉండగానే బండివాడు దింపేశాడు. నడక మొదలుపెట్టాం. నాపరాళ్ళ దారి, చిట్టి ముళ్ళ పొదలు, మనిషి ఎత్తు చెట్టు కూడా లేదు. నా చెప్పుల సన్నాయి కాసేపు బాగానే సాగింది. ఆ తరవాత అడుగడుగుకూ మడమ ఎత్తినప్పుడల్లా తోలు వెనక్కి జారి, మళ్ళీ ముందుకు తోసుకొచ్చి, వేళ్ళ సందున కోస్తూ వచ్చింది. కోట గోడ కనిపించే చోటికి వచ్చేసరికి నేను రాతి మీద కూలబడ్డాను. రెండు పాదాలకూ బొబ్బలు లేచి పగిలాయి. ఇంత వదులు చెప్పు కాలినెలా కరిచిందో అర్థం కావడం లేదని తిట్టుకున్నాను.

మస్తాన్ నా కాలు తన తొడ మీద పెట్టుకుని, సొరకాయ బుర్రలోని నీళ్ళతో కడిగాడు. వద్దు వద్దంటే వినలేదు. బిగువు చెప్పు ఒకచోటే కరుస్తుంది, వదులు చెప్పు నడిచినంత సేపూ కరుస్తుందన్నాడు. మంచులో ఇదే పుండు పడితే రక్తం ఆడక వేళ్ళు నల్లబడతాయట. వాడి జట్టులో ఒకడికి అలాగే రెండు వేళ్ళు పోయాయి. ఆ మాట చెబుతున్నప్పుడు వాడి చేతులు నా పాదం మీద ఆగిపోయాయి. లంగరుకు పోవడం ఒక్కటే భయం కాదని అప్పుడు తెలిసింది. తల్లికి చెప్పకపోవడానికి కారణం కూడా కొంత తెలిసింది. చెప్పడం మొదలుపెడితే వేళ్ళ దాకా చెప్పాలి.

గండికోట నేను చూసినంత చూశాను. ఎర్రటి గోడ, దాని మీద రెండు గద్దలు. గోడ వెనక పెన్నా లోయ చూడడానికి కాళ్ళు లేవు.

తిరుగు దారిలో చేలల్లో ఒక బావి దగ్గర నీళ్ళకు ఆగాం. ఎద్దులతో కపిల తోలుతున్నాడొక రైతు. బావిలోంచి నీళ్ళు తోడే తోలు బాన పైకి వచ్చి ఒలికినప్పుడల్లా మస్తాన్ దాని వంకే చూస్తున్నాడు. చివరికి పోయి చేత్తో తడిమాడు. బాన మూతి చుట్టూ తోలు చెక్కలా గట్టిగా ఉంది, కింది భాగం గుడ్డలా మెత్తగా ఉంది. ఎవరు కుట్టారని అడిగాడు. పులివెందులలో ఏసుదాసని ఉన్నాడు, ఆయనతో తప్ప కుట్టించనన్నాడు రైతు. మస్తాన్ నా వైపు చూశాడు. గండికోట మళ్ళీ ఎప్పుడైనా చూడొచ్చులే పద అన్నాను.

పులివెందుల

ముద్దనూరు మీదుగా బస్సు. నా పక్క సీట్లో కోళ్ళ గంప. కోళ్ళన్నీ నా బొబ్బల వైపే చూస్తున్నాయని అనుమానం.

ఏసుదాసు ఇల్లు చర్చి వెనక వీధిలో. తాత నాటి నుంచి క్రైస్తవులు. ఇంటి ముందు డప్పులకు బిగించే తోళ్ళు ఆరుతున్నాయి. ఆయన నోరు ఆగే రకం కాదు. తనంత పనివాడు కడప దాకా లేడని చెప్పుకుని, అటుపైన బూట్లు వాసన చూసి, ఇంట్లో ఆడవాళ్ళ పనేనా అన్నాడు. మస్తాన్ తలూపాడు.

"ఆముదం తాగిన తోలు మల్లా గట్టి పడదప్పా. ఎవురికాడికి పోయినా అంతే. అయితే ముందర మెత్తబడింది సూడు, అది మేలైంది. నీ చాట కాలికి సాగదీయొచ్చు. లేకుంటే ఈ బూటు నువ్వు జన్మలో తొడగలేవు."

పని రెండు రోజులు పట్టింది. ముందు వైపు చెక్క దూర్చి సాగదీశాడు. వెనక చీలమండ చుట్టూ డప్పులకు వాడే పచ్చితోలు తడిపి పట్టీలుగా కుట్టాడు. పచ్చితోలు ఆరిందంటే చెక్కే. మొదటిసారి ఉత్త బూటుకే కుట్టి ఎండలో పెట్టాడు. అది ఆరి ముడుచుకుపోయి బూటు మూతి మూసుకుంది, కాలు దూరలేదు. పనివాడి గొప్పలు ఒక పూట ఆగాయి. రెండోసారి తడిపి, మస్తాన్ కాళ్ళకు తొడిగించి, కాళ్ళలోనే ఆరాలన్నాడు. పొద్దుటి నుంచి పొద్దుగూకే దాకా మస్తాన్ బండ మీద కాళ్ళు చాపుకుని ఎండలో కూర్చున్నాడు. వీధిలో పోయేవాళ్ళంతా ఆగి ఏంది సంగతి అని అడగడం, మంచులోకి పోవడానికని ఏసుదాసు చెప్పడం, వాళ్ళు నెత్తి మీద సూర్యుణ్ణి చూసి వెళ్ళిపోవడం. సాయంత్రానికి పట్టీలు టంగుమని మోగాయి. మంచుకు తడిస్తే మళ్ళీ మెత్తబడకుండా పైన మైనం కాచి పూశాడు.

ఆయన భార్య రాగి సంగటి, ఊరిమిండి అనే రోటి పచ్చడి పెట్టింది. సంగటి నమలకూడదు, మింగాలని నాకు ఎవరూ చెప్పలేదు. ఒక ముద్ద నమిలి, పళ్ళు విడదీసుకోలేక తిప్పలు పడుతుంటే ఇంటిల్లిపాదీ నవ్వారు. ఏసుదాసు ఇంట్లో తిన్నామని తిరుగు బస్సులో చెబితే పక్కనాయన మా నుంచి కొంచెం జరిగి కూర్చున్నాడు. మాకు చోటు కలిసొచ్చింది.

అయితే ఒక్కటి మిగిలిపోయింది. బయట గట్టిపడింది గాని, లోపల ఆముదానికి సాగిన చోట మడమకూ తోలుకూ మధ్య ఖాళీ ఉంది. దూది కుక్కితే నాలుగు అడుగులకే నలిగిపోతోంది. పొరలు పొరలుగా కుట్టి బిగించిన దూది కావాలని, అది తన పని కాదని ఏసుదాసు చెప్పాడు.

"మీది దూదేకులోళ్ళ ఇల్లే గదా. మీ అమ్మనడుగుపో."

దారంతా మస్తాన్ బూట్లను ఒళ్ళోనే పెట్టుకున్నాడు. సెలవు అయిపోవచ్చింది.

మళ్ళీ ప్రొద్దుటూరు

ఇల్లు చేరేసరికి ఖాసింబీ పరుపు కుడుతోంది. మస్తాన్ బూట్లు ఆమె ముందు పెట్టి, లోపల మడమ దగ్గర చిన్న దిండు మాదిరి కుట్టివ్వమన్నాడు. ఆమె సూది పక్కన పెట్టి, పచ్చితోలు పట్టీల మీద వేళ్ళతో రాసింది. మైనం గోకి చూసింది.

"ఇవి గట్టిగానే ఉండాల్నా?" అంది చివరికి.

"ఊఁ."

"నేను నూనె పెట్టినందుకు గదా ఇన్ని ఊర్లు తిరిగినావు."

"ముందర నీ నూనె వల్లనే సాగినాది మా. పులివెందులాయన కూడా అదే అన్యాడు. అన్ననడుగు."

అది నిజమే కాబట్టి నేను గట్టిగా తలూపాను. ఆమె నా వైపు చూడనే లేదు.

"కొరుకుతాండాయి అని ఒక్క మాట చెప్పినావు. ఎందుకు కొరుకుతాండాయో, ఆడ ఏం చేస్తాండావో చెప్పలేదు. చెప్పింటే నేను ఎందుకు నానబెడ్తా?"

అప్పుడు వాడు అంతా చెప్పాడు. పలకలు, పడడం, హవల్దారు నవ్వు, లంగరు. వేళ్ళ సంగతి కూడా చెప్పాడు. ఆమె కొంగుతో ముఖం తుడుచుకుని, కాలు ఇటు పెట్టమంది. కొడుకు పాదం ఒళ్ళో పెట్టుకుని, మడమ చుట్టూ, చీలమండ ఎముకల కింద గుంటల్లో బొటనవేలితో నొక్కి నొక్కి చూసింది. చిన్నప్పుడు తేలు కుట్టిన చోటు ఇదేనని మధ్యలో అంది. పరుపు గుడ్డలో దూదిని పలచని పొరలుగా పరిచి, వేలెడు వేలెడు దూరంలో కుట్టు వేస్తూ, రోకలితో దంచి మళ్ళీ కుట్టింది. రెండుసార్లు విప్పింది. మూడోసారికి అవి దిండ్లలా లేవు, ఆ గుంటలకే పుట్టినట్టున్నాయి. తొడిగి, చేత్తో బూటు పట్టుకుని, ఇప్పుడు కాలు ఎత్తమంది. మడమ లేవలేదు.

కాలు బూటులో తిరుగుతుందో లేదో ఎలా చూడాలి? ప్రొద్దుటూరులో మంచెక్కడిది? చెనిక్కాయల మిల్లు వెనక ఇల్లంత ఎత్తు పొట్టు కుప్ప ఉంది. మిల్లు షావుకారుకు ఖాసింబీ పరుపులు కుట్టిన పరిచయం ఉంది. పాత తలుపు పలకలు రెండు తాళ్ళతో బిగించుకుని మస్తాన్ కుప్ప ఎక్కాడు. మిల్లు కూలీలు పని ఆపి చేరారు. మొదటిసారి తాడు తెగి బోర్లా పడ్డాడు. ముక్కు నిండా పొట్టు. రెండోసారి జారాడు అనడం కంటే పొట్టుతో పాటు కిందికి వచ్చాడు అనడం సరైనది. సగం దూరంలో మోకాళ్ళు వంచి, మడమలు ఎడమకు నెట్టాడు. పలకలు రెండూ తిరిగాయి. కుడికి నెట్టాడు. కుడికి తిరిగాయి. వాడు కింద నిలబడి, ఆ పలకల వైపు చూస్తూ పిల్లవాడిలా నవ్వాడు. నేను ఎవరి భుజమో గట్టిగా చరిచాను. ఆ కూలీ ఏమీ అనుకోలేదు.

ఖాసింబీ పొట్టు తొక్కుకుంటూ వచ్చి, బూటు మూతిలో వేలు దూర్చి చూసింది.

"ఆడ కొండ ఇంతకంటే ఎత్తా?" అంది.

"ఇంతకంటే కొంచెం తక్కువే మా" అన్నాడు మస్తాన్.

తెనాలి

నా కిర్రు చెప్పులు ఇంటికి తెచ్చాను. మా ఆవిడ వాటిలో ఉల్లిపాయలు ఆరబోస్తానంటోంది. బొబ్బలు మానాయి.

చలికాలం వెళ్ళాక తమ్ముడి దగ్గర్నించి ఉత్తరం వచ్చింది. మస్తాన్ పై నుంచి కింది దాకా నిలబడి దిగాడట. ఒక్కసారి పడ్డాడు గాని, అది కింద చేరాక, సంతోషం పట్టలేక. లంగరు మాట ఇంక ఎవరూ ఎత్తడం లేదు. నాకు ఆ రోజు ప్రూఫుల్లో తప్పులు కనిపించలేదు. ఖాసింబీకి వెంటనే కార్డు రాశాను, మీ అబ్బాయి గెలిచాడు, మీ కుట్టు గెలిచింది అని నాకు చేతనైన మాటలన్నీ పెట్టి. ఆమె జవాబు పక్కింటివాళ్ళ చేత రాయించింది. రెండు ముక్కలు.

"నాయనా, గెల్చినాడని వాడు కూడా రాసినాడు. కాళ్ళు నొస్తాండాయో లేదో రాయలేదు. వాడు నాకు చెప్పడు. నీ తమ్మున్ని అడిగి నువ్వు చెప్పు."

ఆ పూటే తమ్ముడికి రాశాను. మస్తాన్ బూట్లు విప్పించి, కాళ్ళు కళ్ళారా చూసి జవాబు రాయమన్నాను. కింద కొంచెం చోటు మిగిలితే, తన సొంత కాళ్ళ సంగతి కూడా రాయమన్నాను.